ఎండకు తేలిన బెర్గమాట్

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగి చచ్చిపోయాడు. బల్లమీద పదహారు కప్పులు. ఏడింటి రుచి చూశాడు. ఎనిమిదో కప్పులో చెంచా ముంచేసరికి వెనకనుంచి ఎవరో మెడకు వైరు బిగించారు. పెనుగులాటలో సీసా ఒకటి పగిలింది. గదంతా గుమగుమలాడిపోయింది. చావుకి అంత మంచి వాసన ఎవరూ ఎరగరు.

మంగళవారం పొద్దున్నే మాస్టారుకి పిలుపొచ్చింది. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో సగంమందికి వేషం కట్టడం నేర్పింది ఆయనే గనక ఆ పేరు. రిటైర్మెంట్ మూడుసార్లు వాయిదా పడింది. మోకాళ్ళు మాత్రం ఎప్పుడో రిటైరైపోయాయి.

"చచ్చిపోయినవాడు మన మనిషి," అన్నాడు చీఫ్. "విదేశంలో ఉన్న మన పదకొండుమంది ఏజెంట్ల లిస్టు వాడిదగ్గర దాచాం. గోరంత చిప్. అది పోయింది. గురువారం పదకొండు గంటలకు టీ వేలానికి ముందు రుచి చూసే హాల్లో చేతులు మారుతుందట."

ఆ పదకొండుమందిలో మాస్టారు అల్లుడొకడు. కూతురేమో మొగుడు పంపుసెట్లు అమ్ముతున్నాడనుకుంటోంది.

"పగిలిన సీసాలో ఉన్నది బెర్గమాట్ నూనె," అన్నాడు చీఫ్. "నిమ్మకీ నారింజకీ నడుమ పుట్టిన పండు. తినడానికి పనికిరాదు. తొక్క పిండి నూనె తీస్తారు. టీలో కలుపుతారు, సెంటులో పోస్తారు, సబ్బులో వేస్తారు. అదే వాసనున్న పూలమొక్కకీ అదే పేరు. ఓ రకం బేరిపండుకీ అదే..."

"పేరొకటి, కాపురాలు నాలుగన్నమాట. నాకు తెలుసు సార్. ఆ నూనె మూలంగా మా ఆవిడ నన్ను నెల్లాళ్ళు సాధించింది."

"ఎందుకు?"

"పెద్ద కథ. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి."

యంత్రాలు చూసే 'రిపేరు' ఆయన చేతిలో ఓ చెవిటి మిషన్ పెట్టాడు. పద్నాలుగేళ్ళుగా మాస్టారు శిష్యుడు. "గురువుగారూ, సీసా హంతకుడి మీదే పగిలుంటుంది. ఎవరి ఒంటిమీద ఆ వాసనున్నా ఇది మీ చెవిలో కుయ్‌మంటుంది. మీరు చెవిటి టీ వ్యాపారి, నేను మీ మనవణ్ణి."

"మనవడివా! తల నాకంటే నీకే నెరిసింది కదరా."

గురువారం. పొడుగాటి హాలు, పొడుగాటి బల్లలు, వందల కప్పులు. కప్పుల అంచులు విరక్కుండా గుమ్మం దగ్గరే అందరూ గడియారాలూ ఉంగరాలూ తీసి ట్రేలో పెట్టాలి. ఆ హాలు రూలది. నోట్లోకి జుర్రుమని పీల్చి, పుక్కిలించి, పక్కనున్న బకెట్లో ఉమ్మాలి. పెద్దమనుషులందరూ సూట్లేసుకుని మరీ ఉమ్ముతున్నారు.

విదేశీ ముఠా తరఫున తెల్లసూటువాడొచ్చాడు. బోసి మణికట్టుతో వచ్చాడు. ట్రేలో ఏమీ పెట్టలేదు. పక్కన వాడి దుబాసీ. పచ్చ పట్టుచీర, చేతుల్లేని రవిక. హాల్లో సగంమంది టీ మింగేశారు. ముఠా జీతం తీసుకుంటూ మనకు పనిచేసే మనిషి ఆవిడ.

"తాతగారూ, మోకాళ్ళెలా ఉన్నాయి?" అంది పక్కకొచ్చి.

"వానొస్తే చెబుతాయమ్మా."

అది కోడ్. నిజం కూడా.

"చిప్ తెచ్చేదెవరో నాకూ తెలీదు," అని గొణిగింది. "మీ పెట్టుడు మీసం ఊడుతోంది. ఆవిరికి దూరంగా ఉండండి."

అప్పుడే చెవిలో మిషన్ కుయ్‌మంది.

"మోగింది కదా గురువుగారూ! ఆవిడే. పట్టుకోండి," అన్నాడు రిపేరు చెవి దగ్గర.

మాస్టారు మీసం నొక్కుకున్నాడు. మోగింది తన చెవిలో. వీడికెలా వినబడింది? పైగా హాలు నిండా బెర్గమాట్ టీయే. మోగితే అందరిమీదా మోగాలి.

టైము పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ. రిపేరు చెంచా ఎత్తాడు. చొక్కా చెయ్యి కిందికి జారింది.

మోచేతి నుంచి మణికట్టు దాకా టీ ఒలికి కారినట్టు గోధుమరంగు చారలు. మణికట్టు చుట్టూ గడియారం పటకా మేర మాత్రం తెల్లగా ఉంది.

మాస్టారుకి భార్య మెడ గుర్తొచ్చింది. బెర్గమాట్ అత్తరు పూసుకుని మిద్దెమీద ఎండలో బట్టలారేసింది. మూడోరోజుకి మెడనిండా ఇవే చారలు. ఆ నూనె ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలిపోతుందన్నాడు డాక్టరు. అత్తరు కొనిచ్చింది మాస్టారే. అందుకే నెల్లాళ్ళు సాధింపు.

గుమ్మం దగ్గర తెల్లసూటువాడు బయల్దేరుతున్నాడు. గడియారం లేకుండా వచ్చినవాడి చెయ్యి ట్రేలోకి, రిపేరు నల్లపటకా గడియారం మీదికి వెళ్ళింది.

మాస్టారు పరిగెత్తాడు. మోకాళ్ళు ఎదురుతిరిగాయి. తూలి పడుతూ ట్రేని ఒక్క తోపు తోశాడు. గడియారాలన్నీ బుడుంగుమని పక్కనున్న ఉమ్ముల బకెట్లో పడ్డాయి.

తెల్లసూటువాడు బకెట్‌ వైపు చూశాడు. తన తెల్లసూటు చేతి అంచు చూసుకున్నాడు. ఆ ఒక్క క్షణం చాలింది. దుబాసీ చీర మడతల్లోంచి పిస్తోలు వాడి డొక్కలో ఆనింది. గోడగడియారం పదకొండు కొట్టింది.

రిపేరు పారిపోలేదు. కుర్చీలో కూలబడ్డాడు.

"ఎందుకురా?"

"పద్నాలుగేళ్ళు మీ మిషన్లకి బ్యాటరీలు మార్చాను గురువుగారూ. విసుగొచ్చింది."

"విసుగు నాకూ వచ్చింది. మోకాళ్ళకి తైలం కొనుక్కున్నాను. మనుషుల్ని అమ్ముకోలేదు."

రిపేరు తన చెయ్యి తనే వింతగా చూసుకున్నాడు. "వాసన పోవాలని కారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గంటసేపు తిరిగాను. నిజంగానే పోయింది."

"వాసన పోయింది. మిట్టమధ్యాహ్నం ఎండ ఎక్కడికి పోతుందిరా?"

బకెట్లోంచి గడియారం ఎవరు తియ్యాలని చర్చ జరిగింది. సీనియారిటీ చూసి మాస్టారుకే వచ్చింది. మోచేతిదాకా ముంచి తీశాడు. వెనకమూత కింద చిప్ భద్రంగా ఉంది.

సాయంత్రం ఫోన్ మోగింది. అల్లుడు. "మామగారూ, వచ్చేవారం వస్తున్నాను. మీ అమ్మాయికి చెప్పాను. మీకేం తెమ్మంటారు? ఇక్కడ టీ చాలా బావుంటుంది."

మాస్టారు వేడినీళ్ళ బేసిన్లో కాళ్ళు పెట్టుకుని ఉన్నాడు. ఫోను రెండో చెవికి మార్చి అన్నాడు:

"నువ్వు రా బాబూ, చాలు. మరీ తేవాలనిపిస్తే వాసన లేనిదేదైనా పట్రా."