ఆపిల్ గుజ్జు

ఆ ఉదయం కారిన్ నీలం యూనిఫాం వేసుకుని, ఓట్స్ గిన్నె, ఆపిల్ గుజ్జు గిన్నె తండ్రి ఆర్విడ్ ముందు పెట్టింది. మంచు కిటికీ సగం దాకా పేరుకుని ఉంది. ఆయన చెంచా ముట్టలేదు.

"ఇవాళే కదా కొత్తవాళ్లకి నీ పాఠం? ఏదీ, ఒకసారి నాకు చెప్పు."

వృద్ధాశ్రమం వంటింట్లో గిన్నెలు కడగడానికి చేరిన కారిన్, ముసలివాళ్లకు స్నానాలు చేయించి, పరీక్ష రాసి, మందులు అందించే పనిలోకి ఎదిగింది. పోయిన వారమే ఆ పనివాళ్లందరికీ లీడ్ అయింది. నాడు పరీక్షకి మంచులో కారు నడిపి తీసుకెళ్లింది ఆర్విడే. మొన్న ఆమె యూనిఫాం మీది కొత్త హోదా బిళ్ల చూసి పొరుగువాళ్లందరికీ ఫోన్ చేశాడు, చేసినవాళ్లకే మళ్లీ చేశాడు. మతిమరుపు అప్పటికే ఆ ఇంట్లో కాపురం పెట్టేసింది.

"మొదట మనిషి పేరు అడగాలి," అంది కారిన్. "ఏ మందో, ఎందుకో చెప్పాలి. మింగేదాకా పక్కనే ఉండాలి. వద్దంటే బతిమాలొచ్చు గానీ బలవంతం చేయకూడదు."

"ఆ తర్వాత?"

"అంతే నాన్నా. తిను, చల్లారిపోతోంది."

"పరీక్ష రోజు కార్లో ఇంకోటి కూడా అప్పజెప్పావు."

పాత సంగతులు మాత్రం ఆయనకు రాతి మీద గీసినట్టు ఉంటాయి. కారిన్ గుజ్జు గిన్నె వైపు చూడకుండా చెప్పింది. "వాళ్లకి తెలియకుండా తిండిలో కలిపి పెట్టకూడదు."

ఆర్విడ్ గుజ్జు గిన్నె మెల్లగా ఆమె వైపు జరిపాడు. "అయితే ఇది నువ్వే తిను."

శీతాకాలం మొదట్లో ఆయన ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బస్సుల షెడ్డు దాకా నడిచి వెళ్లాడు. పిల్లలు స్కూలుకి కాచుకుని ఉన్నారట. బస్సు నడపడం మానేసి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. అలా తిరగకుండా డాక్టరు ఇచ్చిన మాత్ర తల దూది చేసేస్తోందని ఉమ్మేశాడు. అప్పటి నుంచీ కారిన్ దాన్ని నూరి గుజ్జులో కలుపుతోంది. ఆశ్రమంలో ఆ పని ఇంకొకరు చేస్తే ఆమే నిలదీసేది.

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. ఆపిల్ చేదుగా ఉంటుందా?"

"మరెందుకు తిన్నావ్?"

"రాత్రిళ్లు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా ఉండేదానివి. నేనిది తినడం మొదలెట్టాక నువ్వు మంచమెక్కి పడుకుంటున్నావు."

కారిన్‌కి ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. "నన్నేం చేయమంటావ్ నాన్నా? ఆ రోజు మంచులో నడిచి నీ కాలివేళ్లు నల్లబడిపోయాయి. నిద్ర లేకుండా పనికెళ్లి ఒకరి మాత్ర ఇంకొకరికిస్తే? వాళ్ల ప్రాణాలు నా చేతిలో ఉన్నాయి."

"కాదనలేదు తల్లీ. ముక్కూమొహం తెలియనివాళ్లని అడుగుతావు. నన్ను అడగలేదు."

ఆమె ఆ గిన్నె తీసుకెళ్లి సింకులో బోర్లించి, అక్కడే నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, చిన్న కాగితపు కప్పులో మాత్ర వేసుకొచ్చి ఆయన ఎదుట కూర్చుంది.

"మీ పేరు చెప్పండి."

"ఆర్విడ్ నీలండ్. తమరి తండ్రిని."

"ఇది మీ మనసు కుదుటపడ్డానికి. వేసుకుంటారా?"

"రాత్రికి వేసుకుంటా. పగలు కాసేపు తెలివిగా ఉండనీ."

ఆమెకు భయం వేసింది. అయినా సరేనంది. డాక్టరుతో మాట్లాడి, పగలు కాపలాకి పక్కింటి ఇంగ్రిడ్‌ని ఒప్పించింది. రోజూ రాత్రి కప్పు పట్టుకుని పేరడిగేది, మందు పేరు చెప్పేది. వద్దన్న రాత్రి కుర్చీ మళ్లీ తలుపు దగ్గరికి చేరేది.

మంచు కరిగేసరికి ఆర్విడ్ బాగా చిక్కిపోయాడు. ఒక సాయంత్రం ఆమె కప్పు అందించి పేరు అడిగితే, చెప్పడానికి చాలాసేపు తడుముకున్నాడు. తర్వాత ఆమె యూనిఫాం మీది బిళ్ల వైపు చూశాడు.

"ఇదేం మందమ్మా?"

కారిన్ చెప్పింది. ఆయన మాత్ర మింగి, నోరు తెరిచి చూపించాడు.

"మీరు అడిగి ఇస్తారు. అందుకే వేసుకున్నాను," అన్నాడు. "మా అమ్మాయిదీ మీ పనే. ఎవరికీ తెలియకుండా ఏదీ పెట్టదు. మీకెప్పుడైనా కనిపిస్తే, వాళ్ల నాన్న బాగానే ఉన్నాడని చెప్పండి."

"చెబుతానండీ," అంది కారిన్. ఆయన నిద్రపోయేదాకా పక్కనే కూర్చుంది.