చిక్కటి ఆయిల్ పోసిన రాత్రి

పిల్లలూ, మీరు భిలాయిలో పుట్టి పెరిగారు. బోధన్ దారి మీకు తెలియదు. ఆ మోరి కథ కూడా ఎప్పుడూ చెప్పలేదు. మీరు భయపడతారని కొంత, నాకే ధైర్యం చాలక కొంత. ఇది నేను కళ్ళారా చూసింది కాదు. మీ తాత, మా బాపు లింబయ్య చెప్పగా విన్నదే. నా మాట ఒక్కటీ కలపకూడదని జాగ్రత్తపడుతూ రాస్తున్నాను.

నిజామాబాద్‌కూ బోధన్‌కూ నడుమ, ఎటునుంచి వచ్చినా ఎనిమిది మైళ్ళకు, ఇరుకు మోరి, అంటే చిన్న కల్వర్టు, ఒకటి ఉండేది. కింద కాలువ, రెండు పక్కలా మనిషిని మించిన చెరుకు. దానికి మంచి పేరు లేదు. చెరుకు కొట్టే నాగవ్వ నిండు నెలలతో అక్కడ కూచుని చెయ్యెత్తితే, ఒక కారు ఆగకుండా పోయిందట. తెల్లారేసరికి ఆమె ప్రాణం పోయింది.

అప్పటినుంచీ చలికాలం రాత్రుళ్ళు కారు మోరి దగ్గరికి రాగానే... టక్. టక్. టక్.

డ్రైవర్లందరిదీ ఒకటే కట్టుబాటు — ఆగొద్దు, వెనక్కి చూడొద్దు.

బాపు అప్పుడు జగ్గారావు గారి కారు నడిపేవాడు. ఆయన కోస్తా నుంచి వచ్చి కాలువ కింద చెరుకు వేసిన ఆసామి. మూడు చలికాలాలు బాపు ఆ చప్పుడు విన్నాడు. కారు ఉరికిస్తే చప్పుడూ ఉరికేది — పక్కనే ఎవరో పరుగెత్తుతున్నట్టు. ఊళ్ళోకి వచ్చేదాకా వదిలేది కాదు.

రెండో ఏడు కార్తీకంలో, చలి ఇంకా ముదరకముందు, ఒక్క రాత్రి మాత్రం వేరుగా జరిగింది. కారు మోరి మీదికి రాగానే నాలుగు దెబ్బలు వినపడ్డాయి. బాపు కారు ఉరికించాడు. చప్పుడు వెనకే ఉండిపోయింది. ‘ఇయ్యాల నాగవ్వ దయదలచింది’ అనుకుని ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నాడట.

నాలుగో ఏడు చలికాలంలో, అంటే పంతొమ్మిదివందల అరవై ఆరులో, నిజామాబాద్ మెకానిక్ దేవిదాస్ ఈ సంగతి విని నవ్వాడు.

“లింబన్నా, నీ దయ్యం రోడ్డు మీద లేదు. గీ బానెట్ కింద ఉన్నది. చలికి బండి స్టార్టు చేసే హాండిల్ తిరుగుతలేదని పల్చటి ఆయిల్ పోస్తవు. ఎనిమిది మైళ్ళు ఉరికినంక గది కాగి నీళ్ళోలె అయితది. లోపల ఇనుముకు ఇనుము కొట్టుకుంటది. బండి ఉరికితే గదీ ఉరుకుతది. ఎండకాలం చిక్కటిది పోస్తవు గదా, అప్పుడు వస్తదా నాగవ్వ?”

“రాదు.”

“మరి ఆమెకు ఎండ పడదా?”

దేవిదాస్ పల్చటి ఆయిల్ దించి చిక్కటిది పోశాడు. ఆ రాత్రే జగ్గారావు గారిని ఎక్కించుకుని బాపు బయలుదేరాడు. ఎనిమిది మైళ్ళు... ఇంజన్ మెత్తగా గురక పెడుతోంది. మోరి వచ్చింది. కారు నెమ్మదించింది. చప్పుడు లేదు.

బాపు నవ్వుకున్నాడు.

టక్.

టక్ టక్.

“పోనియ్యవయ్యా,” వెనకసీట్లోంచి తొందరపెట్టాడు జగ్గారావు గారు. “ఇంజన్ బాగుచేయించానన్నావు గదా?”

“ఇంజన్ మంచిగనే ఉన్నది సారూ... గందుకే ఆపుతున్న.”

ఇంజన్ ఆపేశాడు. లోకమంతా నిశ్శబ్దం. చెరుకాకులు కూడా కదలడం లేదు.

టక్... టక్...

వెనక తలుపు మీద.

“మనిషైతే నోరు తెరిచి పిలవదా?” అన్నాడు జగ్గారావు గారు, గుసగుసగా.

బాపు చేతిదీపం పట్టుకుని దిగాడు. వెనక తలుపు పక్కనే, మోరి గోడకు ఆనుకుని ఒక ఆడమనిషి. కడుపు మీద ఒక చెయ్యి. రెండో చేతిలో చెరుకు ముక్క. పేరు హన్మవ్వ అని తరువాత తెలిసింది. గొంతు దాదాపు రావడం లేదు.

“బండి తెస్తనని మా ఆయన పోయిండన్నా... ఒర్లి ఒర్లి గొంతు పోయింది. రెండు కార్లు పోయినై. నేను కొట్టినకొద్దీ ఉరికిచ్చుకుంట పోయిండ్రు.”

జగ్గారావు గారే కిందికి దిగి, తన శాలువా సీటు మీద పరిచాడు. బోధన్ దవాఖానలో తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బతికారు.

జగ్గారావు గారు సంతోషంగా చాయ్ తెప్పించాడు. బాపు గ్లాసు ముట్టలేదు.

“సారూ,” అన్నాడు. “అప్పుడు... రెండో ఏడు కార్తీకంల... బండిల చిక్కటి ఆయిలే ఉండె గదా?”

“అవును. చలి ముదిరాకే గదా పల్చటిది మార్చావు. ఏం?”



ఇంజన్ చప్పుడైతే కారుతోపాటే రావాలి. ఆ రాత్రి చప్పుడు మోరి దగ్గరే ఉండిపోయింది.

ఆ తరువాత బాపు ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి అడిగాడు. ఆ కార్తీకంలో అక్కడ ఎవరు నిలబడ్డారో, ఏమయ్యారో ఎవరూ చెప్పలేకపోయారు. చనిపోయేదాకా, ఏ కాలమైనా, ఆ మోరి మీద ఇంజన్ ఆపి కాసేపు విని కదిలేవాడు.

ఈ కథ మీ పిల్లలకు చెప్పండి. దేవిదాస్ నవ్విన దగ్గర ఆపేయకండి. ఆ కార్తీకం రాత్రి సంగతి కూడా చెప్పండి.