బొత్తాం మునిగేంత నీళ్లు

తొట్టిలో నీళ్లు తగ్గిపోతున్నాయి.

తుర్రు వంగి చూసింది. నిజమే! స్కూలు నుంచి రాగానే, భుజానికి బ్యాగు ఉండగానే మొదటిసారి పంపు స్విచ్ వేసింది. అప్పుడు అంచు దాకా ఉన్న నీళ్లు పది నిమిషాల్లో దాదాపు అడుగుకు దిగాయి.

బాల్కనీలో రెండు తొట్లు ఉన్నాయి. కింద చిన్న తొట్టిలో ఆరు చేపలు. పైన బల్ల మీద పెద్ద తొట్టిలో గులకరాళ్లు, వాటి మధ్య పాలకూర మొక్కలు. పంపు చేపల నీళ్లను పైకి తోస్తుంది. అవే మొక్కలకు ఎరువు. పై తొట్టి నిండాక నీళ్లు గొట్టంలోంచి మళ్లీ కిందికి రావాలి.

ఒక్క చుక్క కూడా రావడం లేదు.

"అక్కా, నా బొత్తాం ఏదీ?" అంది చెల్లి.

బొత్తాం నారింజ రంగు చేప. ఒంటి మీద గుండ్రని తెల్ల మచ్చ. "జాగ్రత్తగా చూస్తావుగా?" అని పదిసార్లు అడిగి, నిన్ననే దాన్ని అక్కకు అప్పగించింది.

గుర్ర్ర్... పంపు గాలి పీల్చింది. రెండు వేళ్ల లోతు నీళ్లే మిగిలాయి. చేపలు పక్కకు ఒరిగి తోకలు కొట్టుకుంటున్నాయి.

తుర్రు ముందుకు దూకింది. ప్లగ్ లాగేసింది. కుళాయి కింద మగ్గు పట్టి పరుగున వచ్చింది.

"ఆ నీళ్లు పొయ్యకు!"

గుమ్మంలో బాబాయ్. ఆయన ప్లంబర్. ఈ గొట్టాలన్నీ బిగించింది ఆయనే. "అందులో క్లోరిన్ ఉంటుందే! చచ్చిపోతాయ్!"

తుర్రు మగ్గు కింద పెట్టేసింది.

బాబాయ్ పై తొట్టి అడుగున మూత తిప్పాడు. నీళ్లు దబదబా కిందికి దూకాయి. ఐదు చేపలు కదిలాయి. బొత్తాం మాత్రం వెల్లకిలా తేలింది.

చెల్లి తొట్టి అంచు పట్టుకుని వంగింది.

"మొప్పలు ఆడుతున్నాయి. ప్రాణం ఉంది," అన్నాడు బాబాయ్. "అసలేమైందే?"

"పంపు... పంపు పాడైంది బాబాయ్," అంది తుర్రు.

"ఓస్, అంతేనా? బండిలో ఇంకోటి ఉంది. దీనికి రెండింతలు లాగుతుంది." ఆయన మెట్లు దిగిపోయాడు.

రెండింతలు! అంటే పది నిమిషాలు కాదు, ఐదు నిమిషాల్లో తొట్టి ఖాళీ.

పోయిన ఆదివారం బాబాయ్ చెప్పాడు. "రాళ్ల తొట్టిలో ఎన్ని మగ్గుల నీళ్లు పడతాయో కొలువు. చేపల తొట్టిలో అంతకు రెండింతలు ఉండాలి." పాలకూర బోలెడు రావాలని తుర్రు పెద్ద తొట్టిని మొక్కలకే ఇచ్చేసింది. నాలుగు మగ్గులు పోసేసరికి విసుగొచ్చింది. "కొలిచేశా, సరిపోతాయ్," అని చెప్పేసింది. ఏ పనైనా తుర్రుమని ముగించేస్తుందనే ఇంట్లో ఆ పేరు పెట్టారు.

"కొత్త పంపు పెడితే బొత్తాం బతుకుతుంది కదక్కా?" చెల్లి కొంగలా మెడ చాచి ఆమె మొహంలోకి చూసింది.

తుర్రు మెట్ల మీదికి పరిగెత్తింది.

"బాబాయ్, ఆగు! పంపు బాగానే ఉంది. నేనే కొలవలేదు. కొలిచానని అబద్ధం చెప్పా!"

మెట్లెక్కి వస్తున్న బాబాయ్ తన చేతిలోని కొత్త పంపు వైపు చూశాడు.

"ఇది బిగించి వెళ్లిపోయేవాణ్ణే," అన్నాడు మెల్లగా.

పాత నీళ్లతో సహా చేపల్ని బకెట్‌లోకి మార్చారు. కుళాయి నీళ్లు పట్టి, క్లోరిన్ పోయేలా ఒక రోజు నిలవ ఉంచేదాకా వాటికి అదే ఇల్లు.

"పెద్ద తొట్టి చేపలకి. చిన్నది మొక్కలకి," అంది తుర్రు.

"మరి నీ పాలకూర తోట?"

"ఒక్క కట్ట వచ్చినా చాలు."

రాళ్లన్నీ చిన్న తొట్టిలోకి చేరాయి. తుర్రు మగ్గు తీసుకుని పోయడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు.

పన్నెండో మగ్గు దగ్గర బకెట్‌లో చిన్న చప్పుడైంది.

"అక్కా! బొత్తాం తిన్నగా తిరిగింది! ఈదుతోంది! రా, చూడు!"

తుర్రు కళ్లు చెమర్చాయి. అయినా తల తిప్పలేదు.

"ఉండవే, ఇంకా నిండలేదు," అంది. "పదమూడు."