ఎర్ర చుక్క పెట్టిన గడి

చిన్న డాక్టర్ నాతో అన్న మొదటి మాట, "దీన్ని ఇక్కడి నుంచి తీసేయండి."

దీన్ని అంటే, నేను అప్పుడే బల్ల మీద బిగించిన కంప్యూటర్ని. నా చేతిలో స్క్రూడ్రైవర్ ఇంకా అలాగే ఉంది. బయట వాన. ఆమె తడి గొడుగుతో లోపలికి వచ్చింది కానీ, నీళ్ళు నా వైర్ల మీద పడకుండా గొడుగును దూరంగా పట్టుకుంది. కోపంలో కూడా సరుకు పాడుచేయని మనిషి. వ్యాపారం చేసేవాడికి అలాంటివి తొందరగా కనబడతాయి.

నా వ్యాపారం క్లినిక్కులతోనే. కొత్త ఆరోగ్య చట్టం ప్రకారం, చూసిన ప్రతి రోగి వివరాలూ కంప్యూటర్లో ఎక్కాలి. తనిఖీ ఆఫీసర్ వచ్చి చూసి సరే అనాలి. అనకపోతే బీమా కార్డు ఉన్నవాళ్ళను ఆ క్లినిక్ చూడకూడదు. కార్డు లేని రోగి ఇప్పుడు ఎక్కడున్నాడు? అందుకని చట్టం వచ్చిన దగ్గర్నుంచీ నా గిరాకీకి లోటు లేదు. డాక్టర్లకు చట్టమంటే భయం, కంప్యూటర్ అంటే ఇంకా భయం. ఆ రెండు భయాల మధ్య నేను దుకాణం పెట్టుకున్నాను.

ఆ క్లినిక్ ఆమె తండ్రిది. ఊరంతా ఆయన్ని పెద్ద డాక్టర్ అంటుంది. ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూస్తే సగం జ్వరం తగ్గుతుందని చెప్పుకుంటారు. వీధి చివర అద్దాల ఆస్పత్రి ఒకటి వెలిసింది. క్లినిక్ తమకు అమ్మేయమని వాళ్ళు ఆయన వెంట పడుతున్నారు. తనిఖీలో నెగ్గకపోతే అమ్మేసి ఇంట్లో కూర్చుంటానని ఆయన కూతురికి ముందే చెప్పేశాడు. ఆమేమో అదే అద్దాల ఆస్పత్రిలో ఉద్యోగం మానేసి మరీ తండ్రి దగ్గరికి వచ్చింది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఆమె నన్ను రోగి స్టూలు మీద కూర్చోమంది. తను కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఏం కనబడుతోంది?"

"మీ జడ అండీ."

"మా రోగులకూ అదే కనబడుతుంది. మా నాన్నకైతే జడ కూడా లేదు."

నాకు నవ్వొచ్చింది. మింగేశాను. ప్లగ్ పాయింట్ ఆ గోడకే ఉందని చెప్పాను. రోగి ఈ గోడ వైపు ఉన్నాడు కదా అని ఆమె అడిగింది. ప్లగ్ ఎక్కడుంటే కంప్యూటర్ అక్కడ. అప్పటిదాకా ఏ క్లినిక్కులోనైనా నా పద్ధతి అదే. డాక్టర్లందర్నీ రోగుల వైపు వీపు పెట్టి కూర్చోబెట్టి వచ్చానన్న సంగతి ఆ స్టూలు మీద కూర్చుంటే గానీ తెలియలేదు.

మర్నాడు నా ఖర్చుతోనే రెండో గోడకు ప్లగ్ పెట్టించాను. తెరను అటూ ఇటూ తిరిగే ఇనప కడ్డీకి బిగించి, డాక్టరూ రోగీ పక్కపక్కన కూర్చుని ఇద్దరూ చూసేలా అమర్చాను. మామూలు ప్రశ్నలన్నీ బయట బెంచీ దగ్గరే సిస్టర్ అడిగి ఎక్కించేలా మార్చాను. చిన్న డాక్టర్ అన్నీ చూసి, "ఇప్పుడు బాగుంది" అని మాత్రం అంది. ఆ ఒక్క ముక్కనే నేను లాభం కింద రాసుకున్నాను.

ఇక మిగిలిన గొడవ ఎర్ర చుక్కలతో. చుక్క ఉన్న గడి నింపకపోతే కంప్యూటర్ ముందుకు కదలదు. చట్టం అలా అడిగింది, నేను అలా చేశాను. పెద్ద డాక్టర్‌కు ఆ చుక్కలంటే ఒళ్ళు మంట. అన్నిటికన్నా ఎక్కువ మంట, ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలనే గడి. ఆ మనిషి ఈ ఊళ్ళోనే ఉండాలట. ఒంటరిగా బతుకుతున్న ఒక ముసలాయన వచ్చినప్పుడు, ఆ గడిలో పెద్ద డాక్టర్ తన నంబరే కొట్టాడు. బంధుత్వం అన్నచోట 'ఇతరులు' అని పెట్టాడు.

"అలా చేయొచ్చునా, బాబూ?" అని నన్నడిగాడు.

"ఫోన్ ఎత్తితే చేయొచ్చు సార్," అన్నాను.

"అర్ధరాత్రయినా ఎత్తుతాను," అన్నాడు. పక్కన కూతురు ఆయన భుజం మీది దారప్పోగు తీసేస్తూ నిలబడింది. తండ్రిని ఆమె చూసే చూపు చూశాక, ఆ క్లినిక్ నాకు వట్టి గిరాకీగా మిగల్లేదు.

ఆ తర్వాత నేను అక్కడికి వెళ్ళినన్ని సార్లు వెళ్తే ఏ వ్యాపారమూ నిలబడదు. వాన తగ్గేదాకా ఆగడం కూడా చేతకాలేదు. తడిసి గుమ్మంలో నిలబడితే ఆమె తల ఎత్తకుండానే అడిగేది.

"ఈ రోజు ఏ వైరు వదులైంది?"

"ఏదీ అవలేదండీ. అవుతుందేమోనని."

"పాపం, మీరు బిగించిన వైర్ల మీద మీకే నమ్మకం లేదన్నమాట."

సిస్టర్ నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

అంతా బాగుందనుకునే వేళ, నేను అద్దాల ఆస్పత్రి నుంచి బయటికి వస్తూ చిన్న డాక్టర్ కంటబడ్డాను. వాళ్ళ మేనేజర్ గుమ్మం దాకా వచ్చి నాతో చేయి కలుపుతున్నాడు. ఆమె చూసింది. గొడుగు కాస్త కిందికి దించుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు క్లినిక్కులో తెర మళ్ళీ అడ్డంగా తిరిగి ఉంది. నేను ఇటు జరిగితే అదీ ఇటే తిరిగింది. నేనమ్మిన తెర నాకే అడ్డం. ఏ గిరాకీకీ నేనింత గట్టి సరుకు ఇవ్వలేదు. ఆమె మాటలు కూడా తెర వెనక నుంచే వచ్చాయి. అన్నీ 'సరే', 'చూస్తాను', 'సిస్టర్‌కి చెప్పండి'. నేను రెండు రోజులు భరించాను. తనిఖీ ముందు రోజు మాత్రం తెర పక్క నుంచి తల పెట్టి, అడగాల్సింది అడిగేయండి అన్నాను.

"మా క్లినిక్ బేరం మీరే కుదురుస్తున్నారా?" అంది.

జరిగింది చెప్పాను. తనిఖీకి ముందు ఈ క్లినిక్ పనిని సగంలో వదిలేస్తే, అన్ని ఊళ్ళలోనూ తమకున్న ఆస్పత్రుల పనంతా నాకే ఇస్తామని అద్దాల ఆస్పత్రి వాళ్ళు అన్నారు. కుదరదని చెప్పి వచ్చేశాను. చేయి కలిపింది సాగనంపడానికే.

"అంత పెద్ద పని. ఎందుకు వద్దన్నారు?"

"లెక్క కుదరలేదండీ."

"ఏ లెక్క?"

నా జీవితంలో ధర చెప్పడానికి తడబడింది అప్పుడే. రేపు తనిఖీ అయ్యాక చెబుతానన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి, తెరను పక్కకు నెట్టింది.

తనిఖీ రోజు ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. ఆఫీసర్ మేడం వచ్చింది, కాగితాలు చూసింది, కంప్యూటర్ చూసింది. ఇప్పుడు ఒక రోగిని చూడండి, నేను పక్కన కూర్చుంటాను అంది. బెంచీ మీద నరపురుగు లేదు. వీధిలో మనిషి లేడు. ఆమె మళ్ళీ రావాలంటే చట్టం ఇచ్చిన గడువు దాటిపోతుంది. పెద్ద డాక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

అన్ని రోజులు తడిసినందుకు నాకు ఒక ప్రతిఫలం దక్కింది. గొంతు పూడిపోయింది. నా బీమా కార్డు తీసి బల్ల మీద పెట్టాను.

"నిజమైన జబ్బేనా?" అంది ఆఫీసర్ మేడం. నేను దగ్గాను. ఆమె కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

చిన్న డాక్టర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నోరు తెరవమంది, టార్చి వేసి చూసింది, మెడ మీద వేళ్ళు పెట్టి నొప్పా అని అడిగింది. నా ముఖం చూసే అడిగింది. తెర మీద గడులు ఒక్కొక్కటే నిండాయి. చివరికి ఆ ఎర్ర చుక్క దగ్గర ఆగింది.

"ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలి?"

మా సొంతూళ్ళో అమ్మ ఉందన్నాను. వేరే ఊళ్ళో ఉంటే చెల్లదంది ఆఫీసర్. నేను ఆలోచించాను. ఈ ఊళ్ళో నాకు తెలియని డాక్టర్ లేడు, దుకాణదారు లేడు. అందరి నంబర్లూ నా దగ్గరున్నాయి. నాకు ఏమైనా అయితే లేచి వచ్చే నంబరు మాత్రం ఒక్కటీ తోచలేదు. ఇంత వ్యాపారం చేసి నేను మిగుల్చుకున్నది ఇదా అనిపించింది.

"ఎవరూ లేరండీ," అన్నాను.

చిన్న డాక్టర్ ఒక నంబరు కొట్టింది. అది ఆమెదే. నా గుండె ఒకసారి లేచి, వెంటనే ఆ ఒంటరి ముసలాయన గుర్తుకొచ్చి కూర్చుంది. ఇది ఈ ఇంటి పద్ధతి, అంతే అనుకున్నాను.

తర్వాతి గడి బంధుత్వం. దానికీ ఎర్ర చుక్కే. తల్లి, తండ్రి, భర్త, భార్య, తోబుట్టువు, అన్నిటికన్నా కింద ఇతరులు. ఆమె వేలు కిందికి వెళ్ళింది. ఇతరులు దగ్గర ఆగింది. నొక్కలేదు. సిస్టర్ గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఏమ్మా, ఆగిపోయిందా?" అంది ఆఫీసర్ మేడం.

"యంత్రం బాగానే ఉందండీ," అంది చిన్న డాక్టర్ మెల్లగా. చెవుల దాకా ఎరుపెక్కింది. "నిన్న ఈయన ఒక లెక్క చెబుతానన్నారు. అది చెబితే గానీ నింపలేను."

పూడిపోయిన గొంతుతో చెప్పాను. "అద్దాల ఆస్పత్రి పని ఒప్పుకుంటే మీరు నా ముఖం చూడరు కదండీ. దానికి వాళ్ళిచ్చేది ఏదీ సరిపోలేదు."

పెద్ద డాక్టర్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ముందు నన్ను చూశాడు, రోగిని చూసినట్టే, తీరిగ్గా. తర్వాత కూతుర్ని చూశాడు. ఆమె తల దించుకుంది కానీ వేలు తీయలేదు.

"ఇప్పటికి ఇతరులనే పెట్టమ్మా. చట్టం నిజమే అడుగుతుంది," అన్నాడు. "మార్చాల్సి వచ్చినప్పుడు ఈ అబ్బాయినే పిలుద్దాం. వాళ్ళమ్మగారిని కూడా తీసుకుని రమ్మందాం."

ఆమె నొక్కింది. గడి నిండింది. ఆఫీసర్ మేడం సంతకం పెట్టి, మార్పు చేసిన రోజున తనకూ ఒక కబురు పంపమని చెప్పి గొడుగు విప్పుకుంది.

బిగించాక చేసే ప్రతి మార్పుకూ నేను విడిగా వసూలు చేస్తాను. అది నా నియమం. వానాకాలం వెళ్ళాక, మా అమ్మ పక్కన కూర్చుని చూస్తుండగా, ఆ గడిలో ఇతరులు తీసేసి భార్య అని పెట్టాను. ఆ ఒక్కదానికి మాత్రం బిల్లు వేయలేదు.