పోస్ట్‌మాన్ చంపలేదు

పుస్తకం చదివి కోపం తెచ్చుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. మామూలు కోపం కాదు, అరికాలి మంట నెత్తికెక్కింది. వాన కురుస్తున్నా ఆగకుండా వెళ్ళి, అది రాసినవాళ్ళ ఇంటి బెల్ నొక్కాను.

తలుపు తీసిన అమ్మాయి వేళ్ళకి సిరా మరకలు, జడలో పెన్సిలు.

"పార్సిలా?" అంది.

"ఫిర్యాదు." సంచీలోంచి పుస్తకం తీశాను. "ఇది రాసింది మీరేనా?"

ఆమె మొహం వెలిగిపోయింది. "నేనే! సంతకం చెయ్యనా?"

"సంతకం వద్దు, సమాధానం చెప్పండి. హంతకుడు పోస్ట్‌మానా?"

ఆమె తల వంచుకుని జడలో పెన్సిలు సర్దుకుంది. నేను ఊరుకుంటానా!

"పెద్ద కుటుంబం, విషం కలిపిన కాఫీ, ఇంట్లో ప్రతివాళ్ళ మీదా అనుమానం. బాగుందని తిండి కూడా మానేసి చదివానండీ. చివరి పేజీలో ఎవడో పోస్ట్‌మాన్ ఊడిపడ్డాడు. అంతకుముందు పుస్తకంలో వాడి నీడ కూడా లేదు. వచ్చాడు, 'నేనే చంపాను' అన్నాడు, అరెస్టయ్యాడు! ఎందుకు చంపాడు? స్టాంపు అంటుకోలేదనా?"

ఆమె ఫక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"నవ్వకండి! ఈ వీధి పోస్ట్‌మాన్‌ని నేను. ఈ వీధిలో అందరూ కొన్నారు ఆ పుస్తకం. రోజూ కాఫీ ఇచ్చే ఎదురింటి టీచరమ్మ, ఇప్పుడు నన్ను చూస్తే చాలు కప్పు మీద మూత పెడుతోంది."

"ఎవరే అక్కడ?" లోపలినుంచి ఒక గొంతు ఖంగుమంది. ఆమె నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"మా పెద్దత్త," అంది గొంతు తగ్గించి. "నేను మొదట రాసిన హంతకురాలు కూడా పెద్దత్తే. అంటే, కథలో పెద్దత్త. చదివి వినిపించగానే ఇల్లు పీకి పందిరేశారు. బాబాయికి మారిస్తే ఆయన అలిగి అన్నం మానేశాడు. తండ్రి పాత్ర మీద అనుమానం కూడా రాకూడదని నాన్న. గుమ్మడికాయల దొంగంటే ఇంటిల్లిపాదీ భుజాలు తడుముకున్నారు. చివరికి మా ఇంట్లో లేనిది పోస్ట్‌మాన్ ఒక్కడే."

"మరి మీరేమన్నారు?"

"సరేనన్నాను."

అంతే, పుస్తకం మీద కోపమంతా ఆమె మీదికి మళ్ళింది.

"అట్ట మీద మీ పేరే కదా ఉంది? పెద్దత్త పేరు లేదే! బంగారంలాంటి కథని మీ చేతులతో మీరే పాడుచేసి, సరేనన్నాను అంటారా?"

ఆమె కళ్ళలో ముందు నీళ్ళు వచ్చాయి, వెంటనే నిప్పులు రాలాయి. "మీకేం తెలుసు? నేను కట్టుకునే చీర రంగు కూడా నలుగురూ కూర్చుని తేల్చే ఇల్లిది! ఇప్పుడు పెళ్ళికొడుకుని కూడా అలాగే తేలుస్తున్నారు!"

తలుపు నా ముక్కు మీద పడింది.

ఆ తర్వాత ఆ గేటు దగ్గర ఉత్తరం ఇచ్చిన ప్రతిసారీ పోట్లాటే. ఒకసారి జోరువానలో తువ్వాలు తెచ్చి విసిరింది.

"తుడుచుకోండి. ఉత్తరాలు తడుస్తాయి."

"ఉత్తరాలు సంచీలో భద్రంగా ఉన్నాయి. తడిసింది నేను."

"కనిపిస్తోంది లెండి," అని మొహం తిప్పుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కొన్నాళ్ళకి ఆమెకి ప్రచురణకర్త ఉత్తరం వచ్చింది. గేటు దగ్గరే విప్పి చదివి వినిపించింది. పాఠకులు ముగింపుని తిట్టిపోస్తున్నారట. మార్చి పంపితే రెండో ముద్రణలో వేస్తారట. నాలాంటి కోపిష్ఠులు ఇంకా ఉన్నారని సంతోషించాను.

ఒక ఉదయం ఆమె పార్సిల్‌తో గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"నా పాత ముగింపు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తొందరగా కానివ్వండి!"

తూకం వేసి, రసీదు ఇచ్చి, పార్సిల్ సంచీలో పెట్టానో లేదో, పెద్దత్త మెట్లు దిగి వచ్చేసింది. వెనకాలే నాన్న, బాబాయి.

"ఏమయ్యా, ఆ కట్ట ఇటివ్వు."

"కుదరదమ్మా. బుక్కయిపోయింది."

"మా పిల్ల రాసింది. మా ఇంటిది."

"పంపినవాళ్ళు అడిగితేనే వెనక్కి ఇవ్వాలి. రసీదు మీద మీ పేరు లేదు."

బాబాయి ముందుకొచ్చాడు. "నీ మీద పైఆఫీసుకి ఉత్తరం రాస్తాను!"

"రాయండి. అదీ నేనే తీసుకెళ్తాను."

పెద్దత్త నన్ను వదిలేసి మేనకోడలి వైపు తిరిగింది. "నువ్వడగవే. వెనక్కిమ్మని చెప్పు."

నేను సంచీని గట్టిగా పట్టుకున్నాను. ఆమె అడిగితే నేను ఇచ్చి తీరాలి. అలవాటు కొద్దీ 'సరే' అంటే ఆ కథ అక్కడితో చచ్చినట్టే.

ఆమె ముగ్గురి మొహాలూ చూసింది. రసీదుని గుప్పిట్లో బిగించింది.

"అడగను."

"ఏమిటీ?"

"అడగను పెద్దత్తా! ఆ కథ నాది. ముగింపూ నాదే. ఇంకో మాట, మీరు తెచ్చిన సంబంధానికీ నేను సరే అనను."

"మరెవరికంటావే?"

ఆమె నా వైపు చూసింది. "ఈయన్నడగండి. కథ పాడైతే మీరంతా పరువు దక్కిందన్నారు. రాసింది నేనని నమ్మి, నన్ను నిలదీసి తిట్టింది ఈయనొక్కడే. నాకు ఆ కోపం కావాలి."

"నాకూ... నాకూ మీరే కావాలి," అని గబగబా సైకిలెక్కేశాను. భయపడి కాదు. పార్సిల్ చేరాలి కదా!

రెండో ముద్రణ ప్రతుల్ని ఆ ఇంటికి నేనే తెచ్చాను. పెద్దత్త హాల్లో కూర్చుని చదువుతుంటే మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఆవిడ చివరి పేజీ తిప్పి, కళ్ళజోడు తీసింది.

"అంటే, పోలీసులకి కూడా అంతుపట్టనంత తెలివి పెద్దత్తకే ఉందన్నమాట."

"అది పొగడ్త కాదక్కా," అని బాబాయి గొణిగాడు.

"నువ్వు నోర్ముయ్యి. నీమీద ఎవడికీ అనుమానమన్నా రాలేదు."

ఆవిడ స్వయంగా లోపలికెళ్ళి కాఫీ కలిపి తెచ్చి నా చేతికిచ్చింది. ఆ పుస్తకం చివరిదాకా చదివినవాణ్ణి నేను. కప్పు వైపోసారి, ఆవిడ వైపోసారి చూశాను. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి పెదవి కొరుక్కుంటూ నవ్వాపుకుంటోంది.

"ఏం, భయమా?" అంది పెద్దత్త.

ఒక్క గుక్క తాగాను. "భయం కాదండీ, కోపం. చక్కెర తక్కువైంది."

పెద్దత్త నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత అమ్మాయి నాన్న వైపు తిరిగి ఒక్క కేక వేసింది.

"నిలబడి చూస్తావేంరా? నీ అల్లుడికి ఇంకో చెంచా చక్కెర తీసుకురా!"