అవతలి గట్టు

గులాబీలు కోసే రోజులవి. అట్లాస్ కొండల కింద, ఏటి పొడుగునా చేలగట్ల మీద పెంచిన గులాబీ కంచెలు విరగబూసి ఉన్నాయి. ఎండెక్కితే పువ్వులో వాసన చచ్చిపోతుందని తమ్లాల్త్ ఊరి ఆడవాళ్లు తెల్లారకముందే లేచి, చేతులకి తొడుగులు వేసుకుని, నడుముకి గోనెగుడ్డ కట్టుకుని బయల్దేరేవాళ్లు. పొద్దు బారెడెక్కేసరికి రాయి మీద కాలు పెట్టలేనంత వేడి. మధ్యాహ్నానికి కుక్కలు కూడా మొరగడం మానేసేవి.

రేడియోలో రోజూ అదే మాట. వారమంతా మండే ఎండలు, మధ్యాహ్నం పూట కొండల మీద ఉరుములతో వాన పడే అవకాశం.

"పడొచ్చట, పడకపోవచ్చట. ఆ మాత్రం మన మేక కూడా చెబుతుంది," అనేవాడు మోహా, రేడియో కట్టేస్తూ.

కొండల మీద పడే వానతోనే చిక్కంతా. ఊళ్లో చుక్క రాలదు. నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది. ఎండిన ఏట్లోకి మాత్రం ఉన్నట్టుండి ఎర్రనీళ్లు వచ్చి పడతాయి. అందుకే ఆ ఊళ్లో ఒక అలవాటు ఉంది. ఏటికి అవతలి గట్టు పల్లం, పైగా తుప్పలు గుబురుగా పెరిగి పైనున్న మలుపు కనపడదు. ఇవతలి గట్టు ఎత్తు. అవతల నుంచి వచ్చేవాళ్లు ఆగి, "దాటొచ్చా?" అని కేకేస్తారు. ఇవతల ఎవరుంటే వాళ్లు మలుపు కేసి చూసి, రమ్మనో ఆగమనో చెప్పాలి. అడిగింది తమతో మాటల్లేని మనిషైనా సరే, చెప్పాలి.

సోమవారం మధ్యాహ్నం ఇవతలి గట్టు మీద మోహా పెళ్లాం తూడా ఉంది.

ఆ మధ్య తూడా కూతురు యామ్నాకి మంచి సంబంధం వచ్చి తప్పిపోయింది. పిల్లకి నోరెక్కువని ఎవరో చెప్పారట. ఆ ఎవరో తన తోడికోడలు ఇజ్జాయేనని రొట్టెలు కాల్చుకునే చోట ఆడవాళ్లు గుసగుసలాడారు. తూడా ఆ మాట నమ్మింది. ఇజ్జాని అడగలేదు, తిట్టలేదు. మాట్లాడటం మానేసిందంతే. అదే వాకిట్లో తిరుగుతూ, ఒకే బావిలో నీళ్లు తోడుకుంటూ, మనిషి అక్కడ లేనట్టే చూసేది.

ఇజ్జా పుట్టిల్లు ఏటికి అవతల. పొద్దున్నే తన రెండేళ్ల కొడుకుని వాళ్లమ్మ దగ్గర దింపి, మధ్యాహ్నం తిరిగొస్తోంది. వీపున పువ్వుల మూట. నల్ల శాలువా అంచున ఎర్రదారాల కుచ్చులు ఊగుతున్నాయి.

"అక్కా! దాటొచ్చా?"

తూడా మలుపు కేసి చూసింది. గాలి లేదు. కానీ మలుపు దగ్గర చెట్ల కొనలు ఊగుతున్నాయి. తడిమట్టి వాసన ముక్కుకి తగిలింది. చెట్ల మొదట్లో గోధుమరంగు గీత ఒకటి పాకుతూ వస్తోంది. అదేమిటో తూడాకి తెలుసు. అక్కడ పుట్టిన చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది.

మోకాళ్ల లోతే కదా, తడవనీ. మూట పోనీ. ఒకసారి గుండె ఝల్లుమననీ. అంతే అనుకుంది.

"రా," అంది.

ఇజ్జా మొహం విప్పారింది. ఇన్నాళ్ల తర్వాత అక్క తనతో మాట్లాడిన మొదటి మాట అది. గబగబా ఏట్లోకి దిగింది. నడి ఏట్లోకి వచ్చేసరికి చప్పుడు వినిపించింది, కొండ మీంచి బండలు దొర్లినట్టు. మోకాళ్ల లోతు కాదు. గోడ. చెట్ల మొద్దులు, రాళ్లు, చచ్చిన గొర్రె, అన్నీ కలిసిన ఎర్రటి గోడ.

ఇజ్జా నీళ్ల వైపు చూడలేదు. తల ఎత్తి తూడా వైపు చూసింది.

తర్వాత అక్కడ ఎవరూ లేరు. నీళ్ల మీద గులాబీలు మాత్రం కాసేపు తేలాయి.

*

"ఆగమని అరిచాను. వినిపించుకోలేదు," అని చెప్పింది తూడా.

అందరూ నమ్మారు. ఇజ్జా మొగుడు, తూడా మరిది జాయిద్ ఏటి వెంబడి ఎంతో దూరం వెతికాడు. శవం దొరకలేదు. ఇజ్జా తల్లి ఫాద్మా వంతెన మీదుగా చుట్టు తిరిగొచ్చి, తూడా రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

"నువ్వు అరిచావటమ్మా. నీ గొంతుకి పుణ్యం ఉంటుంది. నా పిచ్చిదానికే వినబడలేదు," అని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, "నీతో చెప్పాలని ఎంత ఆత్రపడిందో! ఆ పొద్దున పెళ్లికొడుకు వాళ్లింటికి వెళ్లింది. మీ యామ్నా గురించి మూడు గంటలు కూచుని మాట్లాడి, ఒప్పించి వచ్చింది. మళ్లీ కబురు పెడతామన్నారట," అంది.

తూడా చేతులు వెనక్కి లాక్కుంది.

"చల్లారిపోతోంది, టీ తాగు పిన్నీ," అంది.

మర్నాటికి ఏరు ఎండిపోయింది. ఎండ ఏమీ జరగనట్టే కాసింది. మగవాళ్లు ఖురాన్ చదివారు. ఆడవాళ్లు పువ్వులు కోశారు, కొయ్యకపోతే రాలిపోతాయి కనుక. ఏటి బురద ఎండి పెచ్చులు లేచింది. ఆ బురదలో చిక్కుకున్న పువ్వులు కుళ్లి, తీపీ కంపూ కలిసిన వాసన ఊరంతా పట్టుకుంది. తూడా పిండి కలుపుతుంటే పిండిలో అదే వాసన. తలగడలో అదే వాసన.

మధ్యాహ్నం కొండల మీద మబ్బు లేచింది. తెల్లగా మొదలై, అడుగున నల్లబడింది. దూరంగా ఉరుము. తూడా వాకిట్లో బట్టలు తీస్తోంది.

"అక్కా..."

ఏటి వైపు నుంచి వచ్చిన పిలుపు. సన్నగా, మర్యాదగా.

"దాటొచ్చా?"

తూడా చేతిలోని బట్టలు జారిపోయాయి. వాకిట్లో మోహా చెప్పు కుట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఎవరో పిలిచారా?" అని అడిగింది.

"ఈ ఎండలో ఎవరు పిలుస్తారు? లోపలికెళ్లి పడుకో. మొహం చూడు, సున్నం కొట్టినట్టుంది."

ఆ రోజు వాన పడలేదు. మబ్బు విడిపోయింది.

బుధవారం మళ్లీ మబ్బు. మళ్లీ ఉరుము. మళ్లీ పిలుపు. తూడా తలుపు మూసి, చెవుల్లో దూది పెట్టుకుని గోడ మూల కూచుంది. దూది ఉన్నా వినిపించింది. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. సోమవారం ఎలా అడిగిందో అలాగే. జవాబు వచ్చేదాకా కదలకుండా నిలబడే మనిషిలా... కాసేపు ఆగి, మళ్లీ.

"దాటొచ్చా?"

జవాబు చెప్పకూడదని తూడా గట్టిగా అనుకుంది. రమ్మంటే వస్తుంది. వద్దంటే... ఆ మాట ఇప్పుడు అనడానికి నోరెలా వస్తుంది?

గురువారం నాటికి తిండి మానేసింది. "నేనే రమ్మన్నాను" అని చెప్పేద్దామని మోహా దగ్గరికి రెండుసార్లు వెళ్లింది. ఒకసారి అతను నమాజులో ఉన్నాడు. రెండోసారి తల ఎత్తి, "పాపం, నువ్వైనా అరిచావు. అదే లేకపోతే జాయిద్‌కి మనం మొహం చూపించగలిగేవాళ్లమా?" అన్నాడు. తూడా వంటింట్లోకి వెళ్లిపోయింది.

*

శుక్రవారం పొద్దున్నే యామ్నా చెప్పులు తొడుక్కుంది.

"ఎక్కడికి?"

"అవతలికి. పిన్ని కొడుకు పాలు తాగట్లేదట. ఫాద్మవ్వ ఒక్కతే ఉంది. మధ్యాహ్నానికి వచ్చేస్తాలే."

"ఏటికి అడ్డంపడి రావద్దు. వంతెన మీదుగా రా."

"వంతెన ఎక్కడుందో మర్చిపోయావా? ఆ ఎండలో అంత దూరం నడిస్తే నన్ను కూడా రొట్టెలా తీసి తినొచ్చు మీరు," అని నవ్వి, తల్లి మొహం చూసి నవ్వు ఆపేసింది. "సరేలే అమ్మా. చూస్తా."

ఆ మధ్యాహ్నం మబ్బు ముందెప్పుడూ లేనంత ఎత్తుకి లేచింది. ఆకాశం పసుపు పచ్చగా మారి, తర్వాత ఇత్తడి రంగులోకి తిరిగింది. పిట్టలన్నీ ఒక్కసారి నోరు మూశాయి. యామ్నా రాలేదు. తూడా ఇంట్లో ఉండలేకపోయింది. శాలువా కూడా వేసుకోకుండా గట్టు మీదికి పరిగెత్తింది.

ఏరు పొడిగా ఉంది. వేడిగాలి లేచి దుమ్ము రేపింది. కళ్లలో ఇసుక. అవతలి గట్టున తుప్పల పక్కన ఎవరో నిలబడి ఉన్నారు. దుమ్ములో మొహం తెలియడం లేదు. ఆడమనిషి. వయసులో ఉన్నది. కొంగు గాలికి కొట్టుకుంటోంది.

"దాటొచ్చా?"

అక్కా అనలేదు. అమ్మా అనలేదు. గాలి సగం మాట మింగేసింది.

అది యామ్నాయా? లేక... నోరు తెరవకూడదు. తెరవకూడదు. కానీ యామ్నా అయితే?

మలుపు వైపు చూసింది.

చెట్ల కొనలు ఊగుతున్నాయి. తడిమట్టి వాసన. గోధుమరంగు గీత.

అవతలి మనిషి ఒక కాలు ముందుకి వేసింది.

"వద్దు!" గుండె చీలిపోయేలా అరిచింది తూడా. "యామ్నా, రావద్దు తల్లీ! నీళ్లొస్తున్నాయి! వెనక్కి పో! అక్కడే కూచో! నీళ్లు తగ్గగానే నేనే వస్తాను. నేనే వచ్చి నీ చెయ్యి పట్టుకుంటాను. ఒట్టు! నా మీద ఒట్టు!"

ఆ మనిషి ఆగింది. వేసిన కాలు వెనక్కి తీసుకుంది. తల ఊపినట్టు కనిపించింది. మెల్లగా గట్టు మీద కూచుంది.

అప్పుడొచ్చాయి నీళ్లు. గట్టు అదిరింది. తూడా మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో మట్టి పట్టుకుని భోరున ఏడ్చింది. అరిచింది. ఈసారి అరిచింది. కూతురు బతికింది. సోమవారం నుంచి గుండెల మీద కూచున్న బండ ఏదో పక్కకి జరిగినట్టనిపించింది. ఇంతలో పెద్ద పెద్ద చినుకులు మొదలై, వాన తెరలా దిగి, అవతలి గట్టు కనపడకుండా పోయింది.

*

సాయంత్రం వాన తెరిపిచ్చాక ఇంటి ముందు చిన్న ట్రక్కు ఆగింది. పై ఊళ్ల నుంచి పువ్వులు తెచ్చే లహ్సేన్‌ది. కొత్తగా వచ్చినవాడు, ఈ ఊరివాళ్ల పేర్లు కూడా సరిగా తెలియవు. ముందు సీట్లోంచి యామ్నా దిగింది.

తూడా పరిగెత్తుకెళ్లి కూతుర్ని కావలించుకుంది. ఒళ్లు తడిమింది. బట్టలు పొడిగా ఉన్నాయి.

"గట్టు మీద కూచున్నావుగా, తడవలేదే?"

"ఏ గట్టు మీద? నువ్వు చెప్పావని వంతెన దారినే వచ్చా. మధ్యాహ్నం నుంచి వంతెన పక్క కొట్లోనే కూచున్నా. వాన తగ్గాక ఈ అన్న ఎక్కించుకున్నాడు." యామ్నా తల్లి చేతులు విడిపించుకుని వింతగా చూసింది. "నువ్వు అరవడం విన్నా. నా పేరు పెట్టి అరిచావు. నీళ్లొస్తున్నాయి, రావద్దు అని. కొట్లో అందరూ విన్నారు."

"అంత దూరం..."

"అంత దూరమే. మాట మాటా వినిపించింది." యామ్నా ఇంకేదో అడగబోయి ఆగింది. అడగాలా వద్దా అన్నట్టు కాళ్ల వైపు చూసుకుంది. తర్వాత చిన్నగా అంది. "అమ్మా. మరి ఆ రోజు పిన్నికెందుకు వినబడలేదు?"

తూడా ఇంట్లోకి పోబోయింది. వాకిట్లో జాయిద్ నిలబడి ఉన్నాడు. అతనూ వదిన వైపే చూస్తున్నాడు.

లహ్సేన్ గొంతు సవరించుకున్నాడు.

"అవతల మీవాళ్లు ఇంకొకరు ఉండిపోయారు పెద్దమ్మా. ఏటి గట్టున, తుప్పల దగ్గర. జోరువానలో కూచుని ఉంది. బండి ఆపి, ఎక్కమ్మా, వంతెన మీదుగా దింపుతానన్నా. రానంది. మా అక్క వచ్చి చెయ్యి పట్టుకుంటానంది, ఒట్టేసింది, అంది."

చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏం శాలువా?" అని అడిగాడు జాయిద్.

"గమనించలేదన్నా. నేను చూసింది వేరే." లహ్సేన్ ఇబ్బందిగా చేతులు తుడుచుకున్నాడు. "మాట్లాడుతున్నంతసేపూ పక్కన నేలని అరచేత్తో నిమురుతూనే ఉంది, ఎవరికో చోటు చేస్తున్నట్టు. చుట్టూ బురద కాలవలు కడుతోందా... ఆ చేయి నిమిరిన చోటు మాత్రం పొడిగా ఉంది. వానంతా అక్కడే కురుస్తోంది, కానీ ఒక్క చుక్క కూడా ఆ నేలకి అంటడం లేదు. ఒక మనిషి కూచునేంత చోటు."

గడప మీద నుంచి మోహా ఏటి వైపు చెవి పెట్టి విన్నాడు.

"చప్పుడు తగ్గుతోంది," అన్నాడు. "తెల్లారేసరికి దాటొచ్చు."