రోజుకి జానెడు

"ఏవండీ కళ్ళజోడు! ఇదేంటో కాస్త చూసి చెప్తారా?"

మెట్ల మీద నాకు అడ్డంగా నిలబడి, ఉతికిన తెల్లకోటును నా ముక్కుకు తగిలించినంత పని చేసింది పై వాటా పళ్ళ డాక్టరు. కోటు నిండా చిన్న చిన్న పసుపు మచ్చలు.

నాది కళ్ళజోళ్ళ షాపు. "ఇది కనిపిస్తోందా? పోనీ ఇది?" అని పొద్దస్తమానం జనాన్ని అడిగే నాకు, మచ్చలకన్నా ముందు ఆమె కళ్ళు కనిపించాయి. అది చెప్పే సమయం కాదని ఊరుకున్నాను.

"అవి... డాబా మీది నా తేనెటీగలు ఎగురుతూ వేసినవండీ."

"ఏం వేసినవి?"

"చాలా శుభ్రమైన జీవులండీ. సొంత పెట్టెలో అస్సలు పాడుచెయ్యవు. బయటికొచ్చాకే..."

"నా కోటు మీద కానిస్తాయన్నమాట! ఇవాళ ఒక పేషెంటు 'ఇప్పుడే భోంచేసి వచ్చారా డాక్టరుగారూ' అన్నాడు, తెలుసా?"

నవ్వు ఆపుకున్నాను. ఆపుకున్నానని ఆమెకు తెలిసిపోయింది.

"ఆ పెట్టె నా దండెం దగ్గర్నుంచి ఆ చివర ట్యాంకు పక్కకి పోవాలి. లేదా డాబా దిగాలి. అంతే!"

ఇల్లు వాళ్ళది, కింది వాటాలో అద్దెకుండేది నేను. వెనకే నీళ్ళ డబ్బాతో నిలబడ్డ వాళ్ళ నాన్నగారు ఏదో చెప్పబోయారు. కూతురు ఒక్క చూపు చూసింది. పాపం, ఆయన మొక్కల వైపు వెళ్ళిపోయారు.

మోకాళ్ళ నొప్పులతో తను చూసుకోలేక మా పెద్దనాన్న నా చేతిలో పెట్టిన పెట్టె అది. ఒంటరివాణ్ణైన నాకున్న సంసారమల్లా అదే. దాన్ని పోగొట్టుకోలేను.

ఆ సాయంత్రం ఈగలన్నీ లోపలికి చేరాక పెట్టెను ఒక్కసారే ట్యాంకు పక్కకు మార్చేశాను. అలా మార్చకూడదని పెద్దనాన్న చెప్పిన మాట, కంగారులో గుర్తుకు రాలేదు.

మర్నాడు వాన జల్లు. మేతకు వెళ్ళిన ఈగలన్నీ తిరిగొచ్చి, దండెం కింద పాత చోటే ఖాళీ నేల మీద ముద్దగా పడి ఉన్నాయి. వాటి మీద గొడుగు పట్టి, 'తప్పయిపోయింది' అని గొణుగుతూ నేను తడుస్తూ నిలబడ్డాను.

"నేలతో మాట్లాడుతున్నారేంటి?" బట్టలు తీయడానికి వచ్చిన డాక్టరు అడిగింది.

"దారి తప్పలేదండీ ఇవి, నేనే తప్పించాను. వీటికి ఇల్లంటే ఈ చోటే. వచ్చి చూస్తే ఇల్లు లేదు."

ఆమె నా చేతిలో గొడుగు లాక్కుంది. "చూస్తారేం? ముందు ఆ పెట్టె తెచ్చి ఇక్కడ పెట్టండి! కోటు సంగతి తర్వాత."

తెచ్చి పెట్టాను. ఈగలన్నీ బిలబిలా లోపలికి పోయాయి. గొడుగంతా ఈగల మీదే పట్టి, ఆమె కూడా నిలువునా తడిసిపోయింది. ఆ మేలు నేను జన్మలో మరిచిపోను.

"మరి ఎలా జరపాలి?"

"రోజుకి జానెడు. అలా అయితే ఇల్లు మరిచిపోవు."

"సరే. కోట్లు లోపల ఫ్యాను కింద ఆరేసుకుంటాను. రోజూ సాయంత్రం వచ్చి చూస్తా. మిమ్మల్ని నమ్మడానికి లేదు!"

వచ్చింది. రోజూ వచ్చింది. నేను జానెడు జరపడం, తను పక్కన నిలబడి "మోసం, అది బెత్తెడే!" అని దెబ్బలాడటం. మధ్యలో ఎప్పుడో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. పెట్టె ట్యాంకుకు దగ్గరపడుతున్నకొద్దీ నాకు దిగులు. అక్కడికి చేరితే తను ఇక ఎందుకు వస్తుంది?

కానీ పెట్టె చేరడం లేదు! ఎన్ని రోజులు జరిపినా డాబా మధ్యలో ఉన్న నీళ్ళ పైపు దగ్గరే ఉంటోంది. కళ్ళజోళ్ళవాడికే చూపు తగ్గిందా ఏమిటి ఖర్మ! సుద్దముక్కతో పెట్టె కాళ్ళ చుట్టూ గీత గీశాను. మర్నాటికి గీత ముందు, పెట్టె వెనక.

దొంగను పట్టుకుందామని తెల్లవారుతూనే డాబా ఎక్కాను.

"అమ్మో!"

ఒక చెయ్యి పెట్టె మీద, ఒక చెయ్యి బుగ్గ మీద. పళ్ళ డాక్టరు!

"కదలకు. నలపకు. ముల్లు గోటితో గీకి తీయాలి."

తీశాను. బుగ్గ అప్పుడే పొంగుతోంది. అంత దగ్గరగా తనను చూడటం అదే మొదటిసారి.

"పెట్టె ట్యాంకు పక్కకి పోవాలన్నది నువ్వేగా. పెట్టెనెందుకు వెనక్కి లాగుతున్నావు?"

"ట్యాంకు దగ్గరికి చేరిపోతే, సాయంత్రాలు నన్ను రమ్మనవుగా." కళ్ళలో నీళ్ళు. కుట్టినందుకు కాదు.

"పిచ్చిదానా, ఆ దిగులుతో నాకు నిద్రే లేదు. నువ్వంటే నాకు ప్రాణం."

"దొంగ దొరికిందా బాబూ?" మెట్ల దగ్గర వాళ్ళ నాన్నగారు, నీళ్ళ డబ్బాతో.

"అంకుల్, అదీ..."

"పెట్టెనెందుకయ్యా జరపడం, దండెం విప్పి ఆ చివర కట్టుకుంటే పోలా! మొదటి రోజే చెప్పబోతే ఇది నా నోరు మూయించింది."

నేను తాడు వంక చూశాను. రెండు ముడులు. అంతే! తన వంక చూశాను.

"మొదటి రోజు నిజంగా కోపమే," వాచిన బుగ్గతో గొణిగింది. "గొడుగు రోజు తాడు సంగతి తట్టింది. చెప్పబుద్ధి కాలేదు."

"ఇప్పుడు విప్పమంటారా?" అన్నారాయన.

"వద్దు!" ఇద్దరం ఒక్కసారే అరిచాం.

ఆయన నవ్వారు. "అయితే మీ పెద్దనాన్నగారిని రమ్మను. పెద్దవాళ్ళం మాట్లాడుకుంటాం."

పెట్టె మళ్ళీ జానెడు జానెడుగా దండెం కిందికి వచ్చేసింది. పెళ్ళయ్యాక ఇప్పుడు నా చొక్కాలు, తన కోట్లు పక్కపక్కనే ఆరుతాయి. మచ్చలు రెండింటి మీదా పడుతున్నాయి. రోజూ సాయంత్రం ఆ పెట్టె పక్కన కూర్చుని మనసులోనే దండం పెట్టుకుంటాను.

మొన్న ఇంకో పేషెంటు అడిగిందట, కోటు మీద ఆ పసుపు చుక్కలేమిటని.

"మా పెళ్ళి కుదిర్చిన పెద్దల అక్షింతలండీ," అందట మా డాక్టరు. "నోరు తెరవండి."